గడప బయటి జెండా

ఆగస్టు నెలంటే నాకు చిరాకు. హిందూపురంలో నేను పాఠాలు చెప్పే బడిలో ఆ నెల మొదట్లో మూడో తరగతి పిల్లలకు జెండా పాఠం చెప్పాలి. కాషాయం త్యాగానికి గుర్తు, తెలుపు శాంతికి గుర్తు, ఆకుపచ్చ పాడిపంటలకు గుర్తు, నడుమనున్న చక్రం ధర్మానికి గుర్తు. పిల్లలు గొంతులు కలిపి అరుస్తారు. నేను బోర్డు మీద రాస్తాను, రెండుసార్లు చెప్పిస్తాను, గంట కొట్టగానే బయటికి పోయి కుళాయి దగ్గర మొహం కడుక్కుంటాను. "ఏం మేడం, జెండా పాఠం ఉన్న పొద్దు మీ మొకం ఎవురో కొట్టినట్టుంటాది" అని తోటి టీచరొకామె ఎగతాళి చేసేది. ఆమెకు నేనేమీ చెప్పలేదు. చెప్పాలంటే ధర్మవరం నుంచి మొదలుపెట్టాలి.

మా నాయన ధర్మవరంలో పట్టునూలుకు రంగులు అద్దేవాడు. ఇంటి వెనక రేకుల కొట్టం, అందులో రెండు పెద్ద రాగి గంగాళాలు, కింద కట్టెల పొయ్యి. ఉడుకుతున్న రంగునీళ్ళలో నూలు కట్టలను కర్రలకు తగిలించి తిప్పుతుంటే ఆవిరిలో ఆయన మొహం కనిపించేది కాదు. ఏ రోజు ఏ రంగు అద్దితే మోచేతుల దాకా ఆ రంగే. అన్నం కలుపుకున్నా ఆ చేతులే, మాకు నాలుగు తగిలించినా ఆ చేతులే. వంకాయ రంగు చేత్తో తిన్న దెబ్బ నాకింకా గుర్తుంది, గౌను మీద మరక పడి అమ్మ దగ్గర ఇంకో దెబ్బ తిన్నాను.

రంగులకు అర్థాలుంటాయని నేను మొదట విన్నది ఆ కొట్టంలోనే. చీరలు నేయించేవాళ్ళు వచ్చి ఏ రంగు కావాలో చెప్పిపోయేవారు. సీమంతం చీరకు ఆకుపచ్చ. పెళ్ళికూతురికి పసుపు, ఎరుపు. ఒకే గంగాళంలో ఉడికిన రంగు ఆడమనిషి చీరకు పోతే కనకాంబరం రంగు, మఠం స్వామికి పోతే కాషాయం. తెల్లచీర కావాలని అడిగినవాళ్ళు నాకు తెలిసి ఒక్కరూ లేరు. నాయన లెక్కలో అసలు తెలుపు రంగే కాదు, సబ్బునీళ్ళలో ఉడికించి జిగురు తీసి ఆరేసిన నూలు, ఇంకా ఏ రంగూ పడనిది.

బడిలో అయ్యోరు మొదటిసారి జెండా రంగుల గురించి చెప్పిన రోజు నేను ఇంటికి పరుగెత్తుకొచ్చి ఆ అర్థాలన్నీ ఏకరువు పెట్టాను. నాయన గంగాళంలోంచి తల ఎత్తకుండానే విన్నాడు.

"అయ్యోరు ఏం చెప్తే అదే రాయి. లేకుంటే మార్కులు పోతాయి" అన్నాడు. ఆ తర్వాత కొంచెం సేపటికి, "మూడు రంగులూ ఒగ పొద్దులో ఒగే పొయ్యి మీద రావని మాత్రం చెప్పు మీ అయ్యోరికి" అన్నాడు. అది విని అక్క పడీపడీ నవ్వింది. అక్క నాకంటే అయిదేళ్ళు పెద్ద. నా జెండా బొమ్మలో చక్రం గీసిపెట్టే పని ఆమెదే. చేతి గాజు తీసి కాగితం మీద పెట్టి, పెన్సిలుతో చుట్టూ తిప్పి, లోపల ఆకులను ఓపిగ్గా ఒక్కొక్కటే గీసేది. నేను గీస్తే అది చక్రంలా ఉండేది కాదు, నలిగిపోయిన సాలీడులా ఉండేది.

తొంభైల చివర్లో అక్కను పెనుకొండ పక్క పల్లెకు ఇచ్చారు. బావ మిలిటరీలో పనిచేసేవాడు. ఇంట్లో ఆయన, ఆయనను కన్న తల్లి, అంతే. అక్కతో పాటు నేనూ ఆమెను అత్త అనే పిలిచేదాన్ని. మొగుడు చిన్న వయసులో పోతే వానకు పండే చెనక్కాయ చేను, కొన్ని గొర్రెలు, వీటి మీద ఒక్కగానొక్క కొడుకును పెంచి పెద్ద చేసిన మనిషి. మాట ఉలితో చెక్కినట్టుండేది. ఎవరైనా జాలిగా మాట్లాడితే, "నీ జాలి నీ కొంగున కట్టుకోమ్మా" అనేసేది. నాకు మొదట్లో ఆమె అంటే భయం, తర్వాత కోపం. ప్రేమ చాలా ఆలస్యంగా పుట్టింది.

బావ సెలవు మీద వచ్చినప్పుడల్లా ధర్మవరం వచ్చి మమ్మల్ని చూసి పోయేవాడు. నన్ను "టీచరమ్మా" అని పిలిచేవాడు, అప్పటికి నేనింకా టీచరును కాకపోయినా. తను కాపలా కాసే కొండల్లో మంచు గురించి అడిగితే, "ఏముండాది, మీ నాయన తెల్లనూలు ఆరేసినట్టుంటాది, అంతే" అని తేలిగ్గా తీసేసేవాడు. అక్కకు పాప పుట్టింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, పాపకు ఇంకా మాటలు సరిగ్గా రాకముందే, బావ ఆ మంచు కిందనే పోయాడు. మంచుచరియ విరిగిపడిందట. యుద్ధం లేదు, ఏమీ లేదు. కాపలా కాస్తూ పోయాడు.

కబురు ముందొచ్చింది. మనిషి రావడానికి చాలా రోజులు పట్టింది. నాయనా నేనూ ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కి పెనుకొండలో దిగి పల్లెకు పోయేసరికి ఊరి ముందర జనం కిక్కిరిసి ఉన్నారు. బెంగళూరు వైపు నుంచి మిలిటరీ బండి వచ్చింది. పెట్టెను దింపారు. పెట్టె మీద జెండా.

అంత పెద్ద జెండాను అంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు. చెప్పడానికే సిగ్గుగా ఉంది, ఆ సమయంలో కూడా నా కళ్ళు అతుకుల మీదికే పోయాయి. అద్దకంవాడి కూతుర్ని కదా. కాగితం మీద మూడు గీతల్లా గీసుకున్నది నిజానికి మూడు వేరువేరు గుడ్డలు. అంచుకు అంచు కలిపి కుట్టారు. చక్రం మీద మడత పడి ఒక పక్క ఆకులు కనిపించడం లేదు. ఆ మడత సరిచేయాలని నా చెయ్యి ముందుకు పోయింది, కానీ నాయన పట్టుకున్నాడు.

అత్త మిలిటరీవాళ్ళను బతిమాలింది. "ఒగసారి తెరవండప్పా. మొకం సూసి మల్లా మూసేద్దాం. నేనేమీ అరవను." వాళ్ళు తలలు దించుకున్నారు. తెరిచే పరిస్థితి లేదని, పైనుంచి ఆజ్ఞ అని నెమ్మదిగా చెప్పారు. పెట్టె తెరవలేదు. అత్త అన్న మాట నిలబెట్టుకున్నట్టు అరవలేదు. కానీ పెట్టెను వదలనూలేదు, మేము నలుగురం కలిసి ఆమెను లేపాల్సి వచ్చింది.

మా వైపు చాలామంది పూడుస్తారు. పోయినవాళ్ళ మీద చుట్టాలు తలా ఒక కొత్త గుడ్డ కప్పుతారు. గుంతలోకి దించే ముందు పై గుడ్డలన్నీ తీసి ఊళ్ళో బట్టలుతికే ఇంటివాళ్ళకు ఇచ్చేస్తారు. అది తరాలుగా వాళ్ళ హక్కు. శవం మీద కప్పిన గుడ్డ ఏదీ తిరిగి ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు. వస్తే దాని వెంట ఇంకో చావు వస్తుందని అందరికీ భయం. మిలిటరీవాళ్ళకు ఈ సంగతి తెలియదు. ఆ ఊరివాళ్ళకు మిలిటరీ పద్ధతి తెలియదు.

తుపాకులు గాల్లోకి పేల్చారు. బూర ఊదారు. సిపాయిలు జెండాను నాలుగు మూలలా ఎత్తి మడవడం మొదలుపెట్టారు. అప్పుడు ఊళ్ళో బట్టలుతికే ముసలాయన, ఊరంతా తాతా అని పిలిచే మనిషి, భుజం మీది తువ్వాలు నడుముకు కట్టుకుని ముందుకొచ్చి రెండు చేతులూ చాచాడు. ఆయన అడుక్కోవడం లేదు. బావ పొత్తిగుడ్డల నుంచి ఉతికినవాడు, ఈ పని కూడా తనదేనని వచ్చాడు. సిపాయిలు ఆగిపోయారు. వాళ్ళ పెద్దకు కన్నడం వచ్చు. "ఇదన్ను హెండతిగే కొడబేకు" అన్నాడు. ఇది భార్య చేతికే ఇవ్వాలి అని. మా వైపు ఆ మాత్రం కన్నడం అర్థంకాని వాళ్ళు లేరు. తాత చేతులు వెనక్కి తీసుకున్నాడు. అవి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తువ్వాలు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. తప్పు ఎవరిదీ కాదు, అయినా నాకు ఏడుపు ఆగలేదు. మడిచిన జెండాను అక్క చేతుల్లో పెట్టారు.

అసలు కథ ఇంటి దగ్గర మొదలైంది. అందరూ కాళ్ళు కడుక్కుని దీపం చూసి పోతున్నారు. అక్క జెండాను గుండెలకు హత్తుకుని గడప దగ్గరికి వచ్చింది. అత్త తలుపుకు అడ్డంగా నిలబడింది.

"అది లోపలికి రాకూడదు."

"జెండా అత్తా ఇది."

"జెండా అయితే ఏమి? శవం మీద కప్పిన గుడ్డ గదా. ఇంట్లో పసిబిడ్డ ఉండాది. నాకు మిగిలింది అదొగటే."

ఊరి పెద్దమనిషి ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "ఏమమ్మా, దేశం జెండాను అంత మాట అనొచ్చా?"

"అంత గొప్పదైతే నీ ఇంట్లో పెట్టుకో అప్పా. నీకూ గడప ఉండాది గదా" అంది అత్త. ఆయన గుంపు వెనక్కి జరిగాడు. గుంపులో ఒక్కరూ ముందుకు రాలేదు. దేశభక్తి అందరికీ ఉంది, గడప కూడా అందరికీ ఉంది.

నా ఒళ్ళు మండింది. "నువ్వు లోపలికి పోక్కా, ఎవురు ఆపుతారో సూద్దాం" అని అరిచాను. నాయన నా జబ్బ గట్టిగా నొక్కాడు. అక్క మాత్రం గొంతు పెంచలేదు.

"ఇది ఆయప్పది. ఆయప్ప ఇంట్లోనే ఉండాల. ఇది లోపలికి రాకుంటే నేనూ రాను" అని అరుగు మీద కూర్చుంది.

ధర్మవరం తీసుకుపోతానని నాయన అన్నాడు. "ధర్మవరం ఆయప్ప ఇల్లు కాదు నాయనా" అంది. పొద్దు వాలే దాకా అక్క అలాగే కూర్చుంది. లోపల పాప ఏడుస్తోంది, బయట తల్లి కదలదు, నడుమ అత్త కదలదు. చివరికి తాతే వచ్చాడు.

"నా కాడ పెట్టమ్మా. ఇట్లాంటి గుడ్డలు మా ఇంటికి వస్తానే ఉంటాయి, మా గడపకు కొత్త కాదు. సొంతానికి అడగను. నీకు కావాల్సిన పొద్దు తీసుకపో."

అక్క లేచి జెండాను ఆయన చేతుల్లో పెట్టింది. "తాతా, దీన్ని ఉతకొద్దు" అంది.

"ఉతకనమ్మా."

అలా జెండా తాత ఇంట్లో దూలం మీదికి చేరింది. అక్క లోపలికి పోయి పాపను ఎత్తుకుంది. ఒకే ఇంట్లో అత్తాకోడళ్ళు చేను చూసుకున్నారు, గొర్రెలు చూసుకున్నారు, పాపను పెంచారు. కొన్నాళ్ళకు అక్కకు పెనుకొండలో ఒక ఆఫీసులో అటెండరు ఉద్యోగం వచ్చింది. ఇద్దరి మధ్య పోట్లాట లేదు. ఆ ఒక్క విషయం మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు. తీరిక దొరికినప్పుడల్లా అక్క తాత ఇంటికి పోయి దూలం మీది మూటను దింపించుకుని, ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుని వచ్చేది. అది ఎప్పటికైనా ఆయన ఇంట్లోకి రావాలన్నది తప్ప అక్కకు వేరే కోరిక లేదు. నాతో ఎప్పుడు మాట్లాడినా చివరికి అక్కడికే వచ్చేది.

ఒక ఏడు ఆగస్టు పదిహేనున పెనుకొండలో అక్కకు సన్మానమన్నారు. నేనూ పోయాను. స్టేజీ మీద కుర్చీ వేసి, శాలువా కప్పి, ఫోటో తీశారు. ఉపన్యాసం ఇచ్చే ఆయన మంచి మాటకారి. రంగులు ఒక్కొక్కటే తీసుకుని అర్థాలు చెప్పుకుంటూ వచ్చాడు. "పచ్చదనం అంటే సౌభాగ్యం తల్లీ, ఆ సౌభాగ్యానికి గుర్తు మన ఆకుపచ్చ" అని అక్క వైపు తిరిగి దండం పెట్టాడు. అక్క చేతులకు గాజులు లేవు. పచ్చచీరలన్నీ అత్త తన చేత్తో తీసి పెట్టెలో వేసి అప్పటికి చాలా కాలమైంది. నేను లేవబోయాను. లేచి ఏం చేసేదాన్నో నాకే తెలియదు, మైకు లాక్కునేదాన్నేమో. స్టేజీ మీంచి అక్క కళ్ళతోనే కూర్చోమంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను ఇంకా కుతకుతలాడుతూనే ఉన్నాను. అక్క కిటికీలోంచి చూస్తూ, "పాపం, ఆయప్పకేం తెలుసు. చదువుకున్నది చెప్పినాడు" అంది. ఆ తర్వాత, "తాత ఇంట్లో చెద పడుతుందేమోనని భయంగా ఉండాదే" అంది. ఆమె మనసంతా ఆ దూలం మీదే ఉంది.

పాప మూడో తరగతికి వచ్చింది. దసరా సెలవులకు నేను ఆ ఊరికి పోయినప్పుడు గడప దగ్గర కూర్చుని పాఠం బట్టీ పడుతోంది. నేను హిందూపురంలో చెప్పే జెండా పాఠమే. అత్త కొంచెం దూరంలో చేటలో బియ్యం ఏరుతోంది.

"త్యాగమంటే ఏమే?" అని అడిగింది అత్త.

"మనది మనమే ఇచ్చేయడం అవ్వా" అంది పాప, నేర్చుకున్నది తడుముకోకుండా.

అత్త చెయ్యి ఆగింది. "మేము ఇయ్యలేదే" అంది. "ఉద్యోగానికి పంపిచ్చినాము. ఇచ్చేయలేదు." మళ్ళీ బియ్యం ఏరుకుంది. పాప నా వైపు చూసింది, టీచరును కదా, సరిగ్గా చెబుతానని. నేను దాని పుస్తకం మూసి పక్కన పెట్టాను. ఆ తర్వాతి ఆగస్టులో బోర్డు మీద త్యాగం అని రాస్తుంటే సుద్దముక్క రెండుసార్లు విరిగింది.

తాతకు వయసు మీద పడింది. కొడుకులు బెంగళూరులో ఇస్త్రీ అంగడి పెట్టుకున్నారు. ఆయనను తమతో తీసుకుపోయి ఇంటికి తాళం వేస్తామన్నారు. అక్క ఆ రోజు నాకు ఫోన్ చేసింది.

"నువ్వొచ్చి తీసుకపో. నీ బీరువాలో పెట్టుకో."

"అత్తను అడిగినావా?"

"ఇంగ అడగను. ఆయమ్మే తెమ్మంటాదేమోనని ఇన్నేండ్లు సూసినా. ఈ ఇంట్లోకి రాదే అది. నాకు ఓపిక లేదు."

ఆ గొంతు విని నాకు భయమేసింది. బావ పోయినప్పుడు కూడా అక్క అలా మాట్లాడలేదు. ఆదివారం పొద్దున్నే హిందూపురంలో బస్సెక్కాను.

తాత దూలం మీంచి మూట దింపాడు. తెల్లపంచెలో చుట్టి, పురుగు పట్టకుండా వేపాకు పెట్టాడు. "ఉతకలేదమ్మా, సూసుకో" అని అక్క చేతిలో పెట్టి, ఆ చేతులను తన కళ్ళకు అద్దుకున్నాడు. అక్క పంచె విప్పి ఆయనకు ఇచ్చేసింది. జెండాను అలాగే పట్టుకుని నడిచింది. బస్సుకు పోవాలంటే అక్కావాళ్ళ ఇంటి ముందునుంచే పోవాలి. నా సంచీ కూడా అక్కడే అరుగు మీద ఉంది.

అత్త గడప మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. మమ్మల్ని చూసింది. జెండాను చూసింది. పక్కన కూర్చున్న పాప లేచి నిలబడింది.

"యాడికి?"

నేనే బదులు చెప్పాను, కావాలనే కొంచెం కటువుగా. "హిందూపురానికి అత్తా. మా ఇంట్లో పెట్టుకుంటా. ఇంగ మీ గడపకు ఏ భయమూ లేదు."

అత్త ఒలవడం ఆపింది. "నా కొడుకును హిందూపురానికి తీసుకపోతావా?"

అన్నేళ్ళలో ఆ జెండాను ఆమె శవం మీది గుడ్డ అనే అంది, ఇంకో పేరు పెట్టలేదు.

"పెట్టె తెరిచి సూపించలేదు గదా" అంది. మాతో కాదు, తనలో తాను అనుకుంటున్నట్టు. "లోపల ఉండేది నా బిడ్డేనని నేను యాడ సూసినా? ఈ గుడ్డను ఇంట్లోకి తెచ్చుకుంటే వాడు సచ్చినాడని నా నోటితో నేను ఒప్పుకున్నట్టే. అందుకే మైలని చెప్పినా. మైలా గాదు, పాడూ గాదు. బస్సు ఆగిన ప్రతిసారీ దిగేవాళ్ళను సూస్తాండా నేను, ఈ పొద్దుటికీ."

అక్క కన్నీళ్ళు జెండా మీద పడుతున్నాయి. నా కోపమంతా ఎక్కడికి పోయిందో. ఆమె మా అందరి మీదా పెత్తనం చేస్తోందని అనుకున్నాను అన్నేళ్ళూ. ఆమె గడప మీద కూర్చుని కొడుకు కోసం ఎదురుచూస్తోందని నాకు తట్టనేలేదు.

"నీ బీరువాలో పెడతావా వాన్ని?" అని అత్త నన్ను అడిగింది. "వానికి ఇల్లు లేదా?"

ఒళ్ళోని చెనక్కాయ పొట్టు దులుపుకుని లేచింది. తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని వచ్చి అక్క ముందు రెండు చేతులూ చాచింది. అక్క జెండాను ఇచ్చింది. అత్త దాన్ని ఎదకు ఆనించుకుని కుడికాలు ముందు పెట్టి గడప దాటింది. మేము వెనకే పోయాం.

నడవలో బావ మంచం ఉండేది. దాని మీద దుప్పటి తీసేసి, ఇద్దరూ చెరో పక్క నిలబడి మడతలు విప్పారు. అతుకుల దగ్గర బండి దుమ్ము ఇంకా ఉంది. అక్క ఆగి, "ఎట్ల పరవాలత్తా?" అని అడిగింది.

"కాషాయం దిండు పక్కకు" అంది అత్త, ముందే తెలిసినట్టు. "ఆ పొద్దు పెట్టె మోసిన సిపాయి ఒగడు చెప్పినాడు. కాషాయం ఉండే తట్టే తల అంట, వాళ్ళ పద్ధతి. ఆయప్ప చెప్పేటప్పటికి గుంతలో మట్టేసినారు. నేను ఆకుపచ్చ తట్టు కూలబడి ఏడ్సినా. కాళ్ళకాడ ఏడ్సినా. కన్నతల్లిని, వాని తల ఒగసారన్నా నిమరలేదు."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ రోజు మేము ఆమె వేళ్ళను విడదీసింది ఆకుపచ్చ అంచు మీద నుంచే. కాషాయం తల, తెలుపు గుండె, ఆకుపచ్చ కాళ్ళు. ఆమె ఆ జెండాను అన్నేళ్ళూ అలాగే మోసింది, మేమెవరమూ అడగలేదు.

అత్త దిండు పక్కన కూర్చుంది. అక్కను చూసి, "నిలబడినావే, నువ్వు ఆడ కూర్చో, ఎద కాడ" అని చక్రం ఉన్న చోటు చూపించింది. అక్క కూర్చుని చక్రం మీద అరచేయి పెట్టి, దాని మీద తల వాల్చింది. పాప తలుపు దగ్గరే ఉండి, "అవ్వా, నాయన కాళ్ళు యాడ?" అని అడిగింది. అత్త ఆకుపచ్చ అంచు వైపు చెయ్యి చూపింది. పాప పోయి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ అంచును రెండు చేతులతో ముట్టుకుని కళ్ళకు అద్దుకుంది. తండ్రిని ముట్టుకున్న గుర్తు దానికి అంతకుముందు లేదు.

అత్త కాషాయం మీద చెయ్యి పెట్టింది. జ్వరం వచ్చిన పిల్లవాడి తల నిమిరినట్టు నెమ్మదిగా నిమిరింది. చాలాసేపు నిమిరింది. తర్వాత వంగి ఆ గుడ్డ దగ్గర నోరు పెట్టి, ఇంట్లో ఎవరికీ నిద్రాభంగం కాకూడదన్నంత చిన్న గొంతుతో, "ఇంటికొచ్చినావు గదా, ఇంగ పండుకో నాయనా" అంది.